ఆ గుడారాన్ని మళ్లీ వేయనివ్వండి

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఐదు. మేమిద్దరం ఉద్యోగాలు చేస్తాం. వారమంతా పోగుపడిన పని ఆదివారం మీద పడుతుంది. చలి తగ్గి ఎండ హాయిగా ఉన్న ఈ రోజుల్లో మావారు పిల్లల్ని తీసుకుని ఆటకి బయటికి వెళ్తారు. నేను ఇల్లు సర్దుకుంటూ కిటికీలోంచి వాళ్ల నవ్వులు వింటుంటాను. పోయిన ఆదివారం పరుపులు, దుప్పట్లు ఎండేస్తుంటే పిల్లలు వాటితో గుడారం కట్టుకున్నారు. మళ్లీ మురికి చేస్తున్నారని కేకలేసి తీయించాను. పాప ఏడ్చింది. రాత్రి పడుకునే ముందు ‘అమ్మా, పరుపులు మళ్లీ ఎప్పుడు ఎండేస్తావు?’ అని అడిగింది. నాకు నిద్ర పట్టలేదు. పిల్లలకి ఏదైనా పని చెబుదామంటే ‘ఆడుకునే వయసులో పనులేంటి’ అంటారు మావారు. బంధువులు ఇంటిల్లిపాదీ నవ్వుతూ పనులు చేసుకుంటున్న ఫొటోలు పెడుతుంటే లోపం నాలోనే ఉందేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం మొత్తంలో నాకు ముఖ్యంగా కనిపించింది మీ పాప అడిగిన మాట. తిట్లు తిని ఏడ్చిన పిల్ల మళ్లీ ఎప్పుడని అడిగిందంటే, ఆ రోజు తనకి ఏం మిగిలిందో తెలుస్తూనే ఉంది. మీరు నిద్ర మానుకునేంత తప్పేమీ జరగలేదు.

ఎవరూ అనుకోకుండానే మీ ఇంట్లో పని అమ్మదీ, ఆట నాన్నదీ అయిపోయింది. ముందు పని తెమిలితే తర్వాత నేనూ వెళ్తానని మీరు అనుకుంటారు. ఇంటిపని ఎప్పుడు తెమిలింది కనుక! అందుకే మీ వంతు ఆట రావడమే లేదు. పిల్లల్ని అడ్డం లేకుండా తీసుకెళ్లడమే మీకు సాయమని మీవారు నమ్ముతుండొచ్చు. ‘మీ నవ్వులు కిటికీలోంచి వినడం నాకు బాగుండటం లేదు’ అని ఆయనతో చెప్పండి. నాకు రాశారు గానీ, ఆయనతో ఎప్పుడైనా అన్నారో లేదో ఉత్తరంలో లేదు.

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంటని గిన్నెలకి బలిపెట్టమని నేనూ అనను. కానీ మగ్గుతో కుండీలకి నీళ్లు పోయడం మీ పాపకి పనా, ఆటా? ఏడాదిన్నర పిల్లలతో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. పెద్దవాళ్లు వస్తువు జారవిడిచి అందక అవస్థపడుతుంటే, చాలామంది పిల్లలు అడక్కుండానే వచ్చి తీసిచ్చారు. 2008లో వాళ్లదే ఇంకో ప్రయోగం వచ్చింది. సాయం చేసినందుకు బహుమతి పొందిన పిల్లలు, బహుమతి ఆపేశాక మిగతావాళ్ల కంటే తక్కువగా సాయానికి వచ్చారు. కాబట్టి స్టార్లు, పాయింట్లు, ‘ఇది చేస్తే ఫోన్ ఇస్తా’ లాంటి బేరాలు మొదలుపెట్టకండి.

ఆదివారానికి ఒకే ఒక్క పని నలుగురూ కలిసి చేసేదిగా పెట్టుకోండి. మిగతావి మీరూ మీవారూ చెరిసగం పంచుకోండి. ఆయన వంతు పూర్తిగా ఆయనదే, మీకు సాయం కింద లెక్క కాదు. కలిసి చేసే పని బయటిదైతే మేలు. పొద్దు సాగుతోంది, ఎండ చురుక్కుమనదు, ఒంటిమీద నీళ్లు పడినా వణుకు పుట్టదు. ఇలాంటి వారాలు ఏడాదిలో కొన్నే. సైకిళ్లు కడగొచ్చు. కుండీల్లో మట్టి గుల్ల చేసి ముల్లంగి విత్తనాలు వేయించొచ్చు. దాదాపు వారంలో మొలకలు కనిపిస్తాయి, ఐదేళ్ల పిల్ల ఓపికకి అంతకంటే ఎక్కువ గడువు పెట్టలేం. బ్లీచ్, టాయిలెట్ క్లీనర్ మాత్రం పిల్లల చేతికి అందనివ్వకండి. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుట్టొచ్చు.

ఇక మీకు కష్టమనిపించే షరతు. వాళ్లు చేసినదాన్ని మీరు మళ్లీ సర్దకూడదు. దుప్పటి వంకరగా మడిచారా, వంకరగానే బీరువాలోకి వెళ్తుంది. పిల్లలు నిద్రపోయాక లేచి సరిచేద్దామనిపిస్తుంది. పొద్దున్నే వాళ్లు కనిపెట్టేస్తారు, ఆ తర్వాత చేయి వేయరు. నా దగ్గరికొచ్చే చాలామంది తల్లులు ఇక్కడే దెబ్బతింటారు. మా ఇంట్లో నేనూ దెబ్బతిన్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

బాబు సంగతి వేరు. చెల్లెలితో కలిసి బట్టలకి క్లిప్పులు పెట్టమంటే తొమ్మిదేళ్లవాడు రాడు, అది చిన్నపిల్లల పని అంటాడు. వాడికి సొంతంగా ఒకటి అప్పగించండి. సైకిల్ చెయిన్‌కి నూనె వేయడం నేర్పి, పక్కన నిలబడి సలహాలివ్వకుండా వదిలేయండి. రానంటే బలవంతం వద్దు. మీ అందరి గోల విని కాసేపటికి వాడే రావచ్చు.

పని మధ్యలో ఎవరో ఒకరు నీళ్ల పైపు మీ వైపు తిప్పుతారు. ‘పని కానివ్వండి’ అనకుండా ఈసారి తడవండి. ఆ పూటకి సగం కుండీలే అయినా ఏం మునిగిపోదు.

ఫొటోల గురించి ఎక్కువ మాట్లాడను. క్లిక్ మనిపించే ముందు ఆ ఇంట్లో ఎవరు ఎవరి మీద అరిచారో ఫొటోలో పడదు. ఒకటి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రెండు వారాలు దాటినా ఏదీ సంతోషం అనిపించకపోయినా, నిద్రలేమి కొనసాగినా, అది ఇంటిపని టెన్షన్ అనుకుని ఊరుకోకుండా డాక్టర్‌ని కలవండి.

ఈ ఆదివారం ఏ పనితో మొదలుపెట్టాలన్నది మీ పాప ఎప్పుడో తేల్చేసింది. పరుపులు ఎండేయండి. పరుపులు దులపడానికి మీవారిని పిలవండి. గుడారం కట్టేందుకు పాత దుప్పట్లు రెండు మీరే తీసివ్వండి. లోపలికి పిలిస్తే వంగి దూరండి. మంచు పడకముందే అన్నీ లోపలికి చేర్చే బాధ్యత బాబుది. వాడు మరిచిపోతే ఆ రాత్రి నలుగురూ చెమ్మ దుప్పట్లలో పడుకోవాల్సి వస్తుంది. వచ్చే ఆదివారం వాడు మరిచిపోడు.