గ్రాంటు రాసేముందు పెంటకుప్ప చూడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

సేంద్రియ సాగు మీద పరిశోధన గ్రాంటు కోసం నువ్వు రాసి పంపిన ప్రపోజల్ రెండుసార్లు చదివాను. ఇరవై రెండు పేజీల్లో పన్నెండు పేజీలు సేంద్రియ సాగు ఎంత మంచిదో చెప్పడానికే అయిపోయాయి. గ్రాంటు ఇచ్చే కమిటీలో కూర్చునేవాళ్లలో కొందరికి ఆ మాట ముందే నచ్చి ఉంటుంది, నచ్చనివాళ్లు నువ్వు రాసినంత మాత్రాన మారరు. వాళ్లు వెతికేది వేరు. మనకు ఇంకా తెలియనిదేమిటి, మూడేళ్లలో ఈ అమ్మాయి దాన్ని తేల్చగలదా అని చూస్తారు. ఆ పన్నెండు పేజీలను ఒకటిన్నరకు కుదించు.

పాలమూరు చెల్కల్లో తిరిగినన్నాళ్లూ పత్తి రైతులు నన్ను అడిగిన ప్రశ్న ఒకటుంది: "సార్, యూరియా బంద్ పెడితే పెంట ఏడికెల్లి తేవాలె?" నీ ప్రపోజల్‌లో దీనికి జవాబుగా "తగినంత పశువుల ఎరువు" అని ఉంది. తగినంత అంటే ఎంతమ్మా? ఎకరానికి 50 కిలోల నత్రజని పెంటతోనే ఇవ్వాలనుకో. పెంటలో నత్రజని అర శాతం ఉంటుందనుకుంటే 10 టన్నులు కావాలి. అంటే ట్రాక్టరు నాలుగైదు ట్రిప్పులు కొట్టాలి. అందులోనూ ఆ ఏడు పంటకు అందేది కొంతే. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చిన ఊళ్లో ఎన్ని ఇళ్ల ముందు పెంటకుప్ప ఉందో ఒక్కసారి లెక్కపెట్టి రా. జీవామృతం ఉంది కదా అంటావు. 200 లీటర్ల నీళ్లలో కలిపేది 10 కిలోల పేడ, కొంత మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి. దానివల్ల నేలలో సూక్ష్మజీవులకు ఏమవుతుందో పరీక్షించు, మంచి ప్రశ్నే. నత్రజని లెక్కలో మాత్రం దాన్ని చూపించకు, నేలశాస్త్రం తెలిసినవాడు అక్కడే ఆపేస్తాడు.

నన్నడిగితే ఆ రైతు ప్రశ్ననే నీ ప్రాజెక్టుగా పెట్టుకో. ఊళ్లో ఉన్న కాస్త పెంట, జనుము లాంటి పచ్చిరొట్ట, సాళ్ల మధ్య కంది, ఈ మూడూ కలిపి ఎంత దిగుబడిదాకా లాగగలం? ఎక్కడ ఆగిపోతాం? దీనికి జవాబు "కుదరదు" అని వచ్చినా అది ఫలితమే.

పత్తే పెట్టుకుంటే ఇంకో చిక్కు. సేంద్రియ ధ్రువీకరణలో జన్యుమార్పిడి విత్తనం పనికిరాదు. మన దగ్గర దుకాణంలో దొరికేదంతా దాదాపు బీటీయే. బీటీ కాని విత్తనం ఎక్కడి నుంచి, ఎన్ని కిలోలు తెస్తావో రాయకపోతే మిగతాదంతా గాలిమేడ. దానికన్నా కంది, ఆముదం తేలిక. నల్లగొండ వైపు వెళ్తే బత్తాయి తోటలున్నాయి కానీ, జాతీయ సేంద్రియ ప్రమాణాల ప్రకారం తోటలకు మార్పిడి కాలం, అంటే రసాయనాలు మానాక సేంద్రియమని గుర్తించేదాకా ఆగాల్సిన గడువు, మూడేళ్లు, ఏడాది పంటలకు రెండేళ్లు. మూడేళ్ల ప్రాజెక్టు తోటలో పెడితే మార్పిడిలోనే గడువు అయిపోతుంది. నేలలో సేంద్రియ కర్బనం రెట్టింపు చేస్తానని రాశావు చూడు, అది కొట్టెయ్యి. మన ఎండలకు మూడేళ్లలో అది కదిలితే కాస్త కదులుతుంది, అంతే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. నా తొలి ప్రాజెక్టులో మామూలు సాగు మడి పైన, సేంద్రియ మడి కింద పడ్డాయి. మధ్యలో మూరెడు గట్టు. కాగితం మీద చక్కగానే ఉంది. రెండో ఏడు పై మడిలో సాయంత్రం యూరియా వేయించాం, రాత్రి ఒక్క వాన దంచింది. తెల్లారి వెళ్తే గట్టు తెగి నీళ్లు కింది మడి మీదుగా పారుతున్నాయి. పది రోజులకు నా "సేంద్రియ" పంట నిగనిగలాడింది. చూడ్డానికొచ్చిన రైతు ఒకాయన "మీ కషాయం బాగ పనిజేసింది సార్" అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ సీజన్ డేటా మొత్తం తీసేసి, కారణం రిపోర్టులో రాసి పంపాను. అందుకే వాలు ఎటుందో మొదట చూడు, మడుల మధ్య ఖాళీ పట్టీ వదులు, ఆ వదిలిన నేల కౌలు కూడా బడ్జెట్‌లో పెట్టు.

బడ్జెట్ అంటే గుర్తొచ్చింది. డబ్బు ఏప్రిల్ నుంచి మార్చి లెక్కన నడుస్తుంది, విత్తనం మృగశిర లెక్కన పడుతుంది. మంజూరు సెప్టెంబర్‌లో వస్తే వానాకాలం పోయినట్టే. మొదటి ఆరు నెలలకు ఊరి సర్వే, నేల నమూనాలు, యాసంగిలో పచ్చిరొట్ట విత్తనం పెంచుకోవడం పెట్టుకో. మొదటి విడత దేనికి ఖర్చయిందో చూపే వినియోగ పత్రం పంపందే రెండో విడత రాదు, కూలీలకు మాత్రం వారం వారం ఇవ్వాలి. మీ అకౌంట్స్ సెక్షన్‌లో ఫైలు చూసే మనిషితో ఇప్పుడే పరిచయం పెంచుకో. పరికరాల మీద మోజు తగ్గించుకో, వాటితో చేసే పరీక్షలు బయట చేయించుకోవచ్చు. పొలంలో ఉండే మనిషి జీతానికి ఎక్కువ పెట్టు.

ఎవరికి పంపాలన్నావు. సూక్ష్మజీవుల లాంటి మూల పరిశోధన అయితే 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్. రైతు పొలంలో చేసి చూపేదైతే నాబార్డు. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వాళ్ల సేంద్రియ నెట్‌వర్క్ ప్రాజెక్టు 2004-05 నుంచి మోదీపురం కేంద్రంగా నడుస్తోంది. వాళ్లు తేల్చినదాన్నే నువ్వు మళ్లీ అడగకుండా ఆ రిపోర్టులు ముందు చదువు. నువ్వు బోటనీ మనిషివి కాబట్టి పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి ఒక అగ్రానమీ (పంటల సాగు శాస్త్రం) ఆయన్ని సహ పరిశోధకుడిగా అడుగు.

అమెరికాలో సేంద్రియ పరిశోధనకు ఓరీ అనే పథకం ఉంది. 2002లో ఏడాదికి 30 లక్షల డాలర్లతో ఒప్పుకున్నది 2023కు 5 కోట్లకు చేరింది. అది మనకు రాదనుకో. అయినా వాళ్ల ప్రకటన చదువు, పరిశోధన, బోధన, విస్తరణ మూడింటినీ ఒకే గ్రాంటులో కలుపుతారు. నీ ప్రపోజల్‌లో బోధన అంటే ఒక రోజు వర్క్‌షాప్, భోజనాలు, ఫ్లెక్సీ. దాని బదులు ఎమ్మెస్సీ పిల్లలు నలుగురికి తలా ఒక రైతును అప్పజెప్పు. సీజన్ పొడుగునా ఖర్చు, కూలి, పురుగు నోటుబుక్కులో రాయాలి. చివర్లో ఆ రైతే వచ్చి క్లాసులో మాట్లాడాలి, ఆయనకు దారి ఖర్చు, రోజు కూలి ఇవ్వాలి.

వచ్చే ఆదివారం రా. ప్రపోజల్ అక్కర్లేదు, ఊళ్లో పెంటకుప్పల లెక్క, వాలు గుర్తుపెట్టిన పొలం మ్యాపు తెచ్చుకో. బిజినేపల్లిలో దిగి ఫోన్ చెయ్యి, బండి మీద వస్తాను.