చర్మ సందేహాలు: సూదితో సరిపోయేదేది, కత్తి తప్పనిదేది

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. ఉపాధ్యాయురాలిని. మూడు నాలుగేళ్లుగా బుగ్గలు కిందికి జారి దవడ అంచు మీద చిన్న సంచుల్లా వేలాడుతున్నాయి. మెడ చర్మం కూడా వదులైంది. వచ్చే మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. ఊళ్లోనే ఒక క్లినిక్‌లో చూపించుకుంటే కోత అక్కర్లేదని, ఆరు సిరంజీల ఫిల్లరు, దానితోపాటు బొటాక్స్ వేస్తే ముఖం పైకి లేస్తుందని చెప్పారు. చెన్నైలో ఉన్న మా చెల్లెలేమో ఆ డబ్బేదో పెట్టి ఒక్కసారే ఫేస్‌లిఫ్ట్ ఆపరేషన్ చేయించుకోమంటోంది. బీపీ మాత్రతోపాటు రోజూ చిన్న ఆస్పిరిన్ మాత్ర వేసుకుంటాను. పెళ్లయ్యాక కొండ మీద తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను కూడా. నాకు ఏది మంచిది?
— ఒక సోదరి, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఆరు సిరంజీలు మీరు కోరుకునే పని చేయవు. ఈ రెండు పద్ధతుల్లో ఏది చౌక, ఏది గొప్ప అన్న పోలికతో మొదలుపెడితే దారి తప్పుతాం, ఎందుకంటే సూది సరిచేసేది ఒకటి, కత్తి సరిచేసేది వేరొకటి. వయసుతో ముఖంలో మూడు మార్పులు వస్తాయి. కండరాలు ఏళ్ల తరబడి ముడుచుకుని తెరుచుకోవడం వల్ల నొసట, కళ్ల పక్కన గీతలు పడతాయి. కణతల్లోనూ బుగ్గల్లోనూ కొవ్వు, దాని వెనుక ఎముక కూడా కొంత తరిగి గుంటలు పడతాయి. చర్మమూ, దాని కింది పొరలూ పట్టు సడలి కిందికి జారుతాయి. మొదటిదానికి కండరాన్ని కొంతకాలం సడలించే బొటాక్స్ సూదిమందు, రెండోదానికి చర్మం కింద నింపే పదార్థమైన ఫిల్లరు పనికొస్తాయి. మూడోదానికి, అది బాగా ముదిరాక, జారినదాన్ని పైకి లేపి కుట్టే ఫేస్‌లిఫ్ట్ ఆపరేషనే సరైన మార్గం.

మీకున్నది ఏదో మీరే కొంతవరకు తెలుసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని చేతి అద్దంలో చూసుకోండి. దవడ సంచులు సర్దుకుని, మెడ నునుపై, ముఖం మునుపటిలా కనిపిస్తే మీది జారుడు సమస్య. ఫేస్‌లిఫ్ట్ తర్వాత ముఖం ఎలా ఉండవచ్చో కూడా ఆ అద్దం సుమారుగా చూపిస్తుంది. పడుకున్నా కణతలు, బుగ్గలు లోతుగానే ఉంటే తరిగిన కొవ్వుది ప్రధాన పాత్ర అనుకోవాలి.

ఇప్పుడు ఆ ఆరు సిరంజీల లెక్క చూద్దాం. సాధారణంగా ఒక్కో సిరంజీలో 1 మిల్లీలీటరు ఫిల్లరు ఉంటుంది. టీస్పూనులో 5 మిల్లీలీటర్లు పడతాయి కనుక ఆరు సిరంజీలంటే ఒక టీస్పూనుకు కాస్త ఎక్కువ. గుంట పడిన చోట నింపడానికి అది చాలినంతే కానీ, జారిన బుగ్గనూ మెడనూ పైకెత్తడానికి ఎంతమాత్రం చాలదు. చాలలేదని మరికొంత, ఇంకొంత వేస్తూ పోతే ముఖం పైకి లేవదు, వెడల్పవుతుంది. ఇలా ఒకచోట రెండేళ్లపాటు బుగ్గలు నింపించుకుని, నవ్వితే కళ్లు మూసుకుపోతున్నాయంటూ నా దగ్గరకు వచ్చిన ఒకావిడకు ఆ ఫిల్లరును కరిగించే పని నేనే చేయవలసి వచ్చింది. ఆమె పెట్టిన ఖర్చు కంటే, ఫొటోలు దిగడం మానేశానని ఆమె చెప్పిన మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. అది హైయలురోనిక్ ఆమ్లంతో చేసిన ఫిల్లరు కాబట్టి హైయలురొనిడేజ్ అనే ఎంజైముతో కరిగింది. కాల్షియం రకానివి, ద్రవ సిలికోన్ వంటివి అలా కరగవు. ఫిల్లరు ఏడాదికో ఏడాదిన్నరకో పూర్తిగా మాయమవుతుందనే మాట కూడా అందరి విషయంలో నిజం కాదు. కొందరిలో ఏళ్ల తర్వాత కూడా మిగిలి ఉన్నట్టు ఎం.ఆర్.ఐ. పరీక్షల్లో కనబడింది.

ఇక ఆపరేషన్ సంగతి. పూర్వం ఫేస్‌లిఫ్ట్ అంటే చర్మాన్ని లాగి కుట్టడమే కనుక ముఖం బిగుసుకుపోయినట్టు కనిపించేది, కొద్ది కాలానికే మళ్లీ జారేది. చర్మం కింద కండరాలను కప్పి ఉండే పొరను 1976లో ఫ్రెంచి వైద్యులు మిట్జ్, పెరోనీ వర్ణించిన తర్వాత, బిగువంతా ఆ పొర మీద పెట్టి, చర్మాన్ని లాగకుండా దాని మీద సర్దడం అలవాటైంది. ఫలితం చాలామందిలో పదేళ్ల వరకు కనబడుతుంది. అయితే ఇది నొసటి గీతలను, మంగును, చర్మం మీది సన్నని ముడతలను తీసివేయదు.

మీ విషయంలో నన్ను ఆలోచింపజేసినవి బీపీ, ఆస్పిరిన్. ఈ ఆపరేషన్‌లో తరచుగా వచ్చే ఇబ్బంది చర్మం కింద రక్తం గడ్డకట్టి చేరడం. అది ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది, బీపీ అదుపులో లేనివారిలో మరీ ఎక్కువ. ఆస్పిరిన్ ఆపవచ్చో లేదో మీ గుండె డాక్టరు చెప్పాలి. మీ అంతట మీరు ఒక్కరోజు కూడా ఆపకండి. గుండెలో స్టెంటు ఉండి, ఆపడం క్షేమం కాదని ఆయన అంటే ఫేస్‌లిఫ్ట్ ఆలోచనే మానుకోండి. ముఖనరాలకు దెబ్బ తగిలి పెదవి ఒకవైపు సరిగా కదలకపోవడం అరుదే, వచ్చినా చాలామందిలో కొన్ని నెలలకు తగ్గుతుంది. కానీ అరుదైనదాన్ని కూడా మీకు ముందే చెప్పే సర్జన్ దగ్గరకే వెళ్లండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. అనే ఉన్నత శస్త్రవైద్య డిగ్రీ చదివారో లేదో అడిగి తెలుసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు. చెన్నైలో చేయించుకుంటే మర్నాటి బస్సుకే తిరుపతి వచ్చేయకుండా, కనీసం మొదటి కుట్లు తీసేవరకు, అంటే వారం రోజులు, చెల్లెలి ఇంట్లోనే ఉండండి.

కోత కణతల జుట్టులో మొదలై, చెవి ముందు నుంచి దిగి, తమ్మె కింద తిరిగి, చెవి వెనుక మడతలోంచి వెనుక జుట్టులోకి పోతుంది. అందువల్ల చెవి కుట్టిన చోటగానీ, భుజం మీద బీసీజీ టీకా మచ్చగానీ ఉబ్బి గట్టిపడి ఉంటే ఆ సంగతి సర్జన్‌కు తప్పక చూపించండి. అటువంటి చర్మంలో ఈ కోతలు కూడా ఉబ్బే ప్రమాదం ఉంది. బరువైన బుట్టకమ్మలు, మాటీలు ఎప్పుడు పెట్టుకోవచ్చో కూడా ఆయననే అడగాలి.

మీ మొక్కు సంగతి రాసినందుకు సంతోషం, ఎందుకంటే చాలామంది ఇది డాక్టరుకు చెప్పే విషయం కాదనుకుంటారు. జుట్టు చాటున దాగే మచ్చలు గుండు చేయించుకుంటే బయటపడతాయి. అంతకంటే ముఖ్యమైనది, చెవుల చుట్టూ, తల వెనుక కొన్ని నెలలు స్పర్శ మందగిస్తుంది కనుక కల్యాణకట్టలో కత్తి గీసుకున్నా మీకు తెలియదు. పెళ్లయిన వెంటనే పూర్తిగా తలనీలాలు ఇవ్వాలన్నదే మీ సంకల్పమైతే, ఆ మొక్కు తీరి జుట్టు పెరిగాకే ఆపరేషన్ పెట్టుకోండి. మూడు కత్తెరలు ఇస్తే సరిపోతుందనుకుంటే ఈ చిక్కు లేదు. మెట్ల దారిన నడిచి వెళ్లడం, సాష్టాంగ నమస్కారాలు మాత్రం ఆపరేషన్ అయిన నెల వరకు వద్దు; తల వంచినా, ఆయాసపడినా ముఖానికి రక్తం ఒత్తిడి పెరుగుతుంది.

ముహూర్తానికి మూడు నెలలైనా వ్యవధి లేకపోతే ఆపరేషన్‌కు తొందరపడవద్దని నా సలహా. కమిలిన రంగు రెండు మూడు వారాల్లో పోయినా, వాపు పూర్తిగా సర్దుకోవడానికి నెలలు పడుతుంది. పెళ్లికి నెల ముందు నొసటికి బొటాక్స్, గుంటలుంటే ఒకటి రెండు సిరంజీల ఫిల్లరు, ఈరోజు నుంచే సన్‌స్క్రీన్. పెళ్లి పందిట్లో మీరు నిండుగా కనిపించడానికి అవి చాలు. దవడ సంగతి తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ప్రశ్న: వయసు 43. మామిడికాయల మండీ నడుపుతాను, రోజంతా ఎండలోనే పని. కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు పడి, ఊరికే ఉన్నా కోపంగా ఉన్నానని అందరూ అనుకుంటున్నారు. బొటాక్స్ విషమని, ఒకసారి వేయించుకుని ఆపేస్తే ముఖం ఇంకా పాడవుతుందని విన్నాను. సిగరెట్ అలవాటు ఉంది.
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: విషమన్న మాట అబద్ధం కాదు. పాడైన ఆహారం ద్వారా పక్షవాతం తెచ్చే బాక్టీరియా నుంచే ఆ పదార్థం వస్తుంది. అయితే దాన్ని శుద్ధిచేసి, అతి స్వల్ప మోతాదులో మెల్లకన్ను సరిచేయడానికి వాడవచ్చని అమెరికాలో కంటి వైద్యుడు ఆలన్ స్కాట్ చూపించాడు; 1989లో అక్కడ దానికి అనుమతి వచ్చింది. కనురెప్పల జబ్బుకు ఈ మందు వేస్తుంటే రోగుల నొసటి గీతలు కూడా పోవడం కెనడాలో కారథర్స్ దంపతులు గమనించారు. మీరు రాసిన నిలువు గీతలకే 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. నరం నుంచి కండరానికి వెళ్లే ఆజ్ఞను ఇది కొంతకాలం ఆపుతుంది, అంతే. బొటాక్స్ బ్రాండులో ఆ చోటికి సాధారణ మోతాదు అయిదు చోట్ల కలిపి 20 యూనిట్లు. మగవారి కండరాలు బలమైనవి కనుక కొందరికి ఎక్కువ కావాలి. ఇతర బ్రాండుల యూనిట్లు దీనితో సమానం కావు.

మూడు నాలుగు రోజుల్లో మొదలై, రెండు వారాలకు పూర్తి ఫలితం కనిపించి, మూడు నాలుగు నెలల్లో తగ్గిపోతుంది. ఆపేస్తే ముఖం పాత స్థితికే వస్తుంది తప్ప అంతకంటే చెడదు. అప్పుడప్పుడు ఒక కనురెప్ప కొద్దిగా వాలవచ్చు, అదీ కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కండరాల బలహీనత జబ్బు ఉన్నవారు మాత్రం వేయించుకోకూడదు. ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల చలిలో భద్రపరచాలి కనుక సీసాను ఫ్రిజ్‌లోంచి తీసి మీ ఎదుటే తెరవమని అడగండి.

కనుబొమలు ముడవనప్పుడు కూడా గీతలు లోతుగా ఉంటే బొటాక్స్‌తో పూర్తిగా పోవు. అప్పుడు అక్కడ ఫిల్లరు వేస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ చోటి రక్తనాళాలకు కంటి రక్తనాళాలతో సంబంధం ఉంది. ఫిల్లరు పొరపాటున నాళంలోకి పోతే చూపు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. ఫేస్‌లిఫ్ట్‌కూ ఈ గీతలకూ సంబంధమే లేదు. సిగరెట్ మానడం, మండీలో అంచున్న టోపీ పెట్టుకోవడం మీ చేతిలో ఉన్నవి, అవి చేయకుండా సూది మీద డబ్బు పెట్టవద్దు.

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. సూది లేని పెన్నుతో పెదవులు నిండుగా చేస్తామని ఒక బ్యూటీ పార్లర్‌లో చెబుతున్నారు. సూది లేదు కాబట్టి భయం లేనట్టేనా?
— ఒక విద్యార్థిని, తిరుచానూరు

జవాబు: సూది లేకపోవడమే అందులో ప్రమాదం, తల్లీ. ఒత్తిడితో కొట్టిన ఫిల్లరు ఎంత లోతుకు, ఏ నాళంలోకి పోతుందో పట్టుకున్నవారి అదుపులో ఉండదు. ఇటువంటి పరికరాలు వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో హెచ్చరించింది. ఒకవేళ ఇప్పటికే చేయించుకుని ఉంటే, పెదవి తెల్లబారడం, వలలా నీలిచారలు కనిపించడం, విపరీతమైన నొప్పి, వీటిలో ఏది ఉన్నా పార్లర్‌కు ఫోను చేస్తూ కూర్చోకుండా, రాత్రయినా సరే, హైయలురొనిడేజ్ అందుబాటులో ఉన్న చర్మవైద్యుల దగ్గరకుగానీ పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికిగానీ వెళ్లు. ఏ ఫిల్లరు వాడారో తెలిసేలా ఆ పెట్టెను, అది దొరకకపోతే దాని ఫొటోనైనా వెంట తీసుకువెళ్లు.