ఆస్ట్రేలియాలోని విషపు సాలీడు సిడ్నీ ఫనెల్ వెబ్ కూడా, ఒళ్లంతా వెంట్రుకలతో పెద్దగా ఉండే టారంటులాయేనా? దాని కుటుంబం ఎందుకు మార్చారు?

కాదు, దూరపు చుట్టం మాత్రమే. రెండూ మైగలోమార్ఫే అనే పెద్ద విభాగంలోనివే: కోరలు పక్కపక్కనే ఉండి పైనుంచి కిందికి దిగుతాయి, పుస్తకాకార ఊపిరితిత్తులు రెండు జతలుంటాయి. టారంటులాలది థెరాఫోసిడే కుటుంబం, ఫనెల్ వెబ్‌ది అట్రాసిడే.

2018 వరకు ఫనెల్ వెబ్‌ను హెక్సాథెలిడే కుటుంబంలో ఉంచారు. జన్యువులు పోల్చి చూస్తే ఆ కుటుంబంలోని సాలీళ్లన్నీ ఒకే పూర్వీకుడి సంతానం కాదని తేలింది, అందుకే విడగొట్టారు.

ఈ నేల సాలీళ్లతో అసలు చిక్కు పోలికల దగ్గరే. కలుగుల్లో బతికేవి చాలావరకు నల్లగా, నిగనిగలాడుతూ ఒకేలా కనిపిస్తాయి. సిడ్నీ ఫనెల్ వెబ్ చేరిన అట్రాక్స్ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) మగవాటిని గుర్తుపట్టాలంటే రెండో జత కాలి మీద ముల్లులా పొడుచుకొచ్చిన భాగం చూడాలి. ఆడవాటికి అదీ ఉండదు.

అందుకే 1877లో పేరు పెట్టిన అట్రాక్స్ రోబస్టస్ (సిడ్నీ ఫనెల్ వెబ్ శాస్త్రీయ నామం) నిజానికి మూడు జాతులని 2025లో గానీ తేలలేదు. సిడ్నీకి పడమటనున్న బ్లూ మౌంటెన్స్ కొండల వైపువి అట్రాక్స్ మోంటానస్, ఉత్తరాన న్యూకాజిల్ నగరం దగ్గరి భారీ సాలీళ్లు అట్రాక్స్ క్రిస్టెన్సెని. నా దృష్టిలో ఇది ఒట్టి పేర్ల గొడవ కాదు, ఏ జాతి విషం ఎలా పనిచేస్తుందో విడివిడిగా పరిశోధించే వీలు ఇప్పుడే దొరికింది. కాటుకు విరుగుడు మందు మాత్రం మూడింటికీ ఒకటే.