తరగతిలో ఎవరూ ప్రార్థన చేయని చోట పిల్లల పెంపకం

"మా క్లాసులో ఎవరూ ప్రార్థన చేయరు, మనమెందుకు చేయాలి?" అని మీ ఎనిమిదేళ్ల బాబు అడిగితే ఏం చెప్పాలో తోచలేదని రాశారు. మాది గుంటూరు లూథరన్ కుటుంబం. పన్నెండేళ్లుగా స్వీడన్‌లో, గోథెన్‌బర్గ్‌లో ఉంటున్నాం. ఈ ప్రశ్న మా ఇంట్లోనూ వచ్చింది. మొదటిసారి నేను చేసింది పొరపాటు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు ఒక స్నేహితురాలు భోజనానికి వచ్చింది. మా అమ్మాయి కళ్లు మూసుకోకుండానే చెంచా అందుకుంది. ఆ పిల్ల ఎదుటే కోప్పడి ప్రార్థన చేయించాను. ఆ తర్వాత చాలా నెలలు నా బిడ్డ నోరు విప్పి ప్రార్థించలేదు. కళ్లు మూసుకునేది, అంతే. తప్పు నాదేనని ఒప్పుకోవడానికి నాకు అంతకన్నా ఎక్కువ కాలం పట్టింది.

బడిని నిందించి లాభం లేదు. ఇక్కడి బడి దేవుడు లేడని చెప్పదు. అన్ని మతాల గురించీ పాఠం చెబుతుంది, దేన్నీ నమ్మమనదు. స్వీడన్ చర్చి 2000లో ప్రభుత్వం నుంచి వేరుపడింది. అయినా డిసెంబరు 13న లూసియా అనే క్రైస్తవ పునీతురాలి పండుగకు పిల్లలు తెల్లని దుస్తుల్లో పాడుతూ నడుస్తారు. క్రిస్మస్ ముందు వారాల్లో కిటికీల్లో కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. మన ఊళ్లో ఇంటి ముందు కట్టేది ఇలాంటి నక్షత్రమే అని పిల్లలకు చూపించాను.

మాకు దారి చూపింది మా లూథరన్ సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరి, అంటే విశ్వాస పాఠాల పుస్తకం. 1529లో ఇంటి పెద్దలు ఇంటిల్లిపాదికీ నేర్పేందుకు రాసింది. పది ఆజ్ఞల్లో ప్రతి ఆజ్ఞ వెంట, ప్రభువు నేర్పిన ప్రార్థనలో ప్రతి విన్నపం వెంట "దీనికి అర్థమేమి?" అనే ప్రశ్న ఉంటుంది. సండే స్కూల్లో బహుమతి కోసం జవాబులన్నీ కంఠతా పట్టాను. ఆ ప్రశ్నను నాకు నేను ఏనాడూ వేసుకోలేదు.

ఇప్పుడు రాత్రి భోజనమయ్యాక ఒక్క వాక్యం చదువుతాం. అర్థం ముందుగా పిల్లలే చెప్పాలి. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్నచోట లూథర్ తిండి, బట్టలు, చెప్పులు, ఇల్లు, మంచి వాతావరణం, మంచి ఇరుగుపొరుగు అన్నీ లెక్కపెడతాడు. మా అబ్బాయి మంచులో బస్సు నడిపే డ్రైవరును చేర్చాడు. అమ్మాయి ఆనాటి స్నేహితురాలి పేరు చెప్పి, "తను నమ్మదు కదా, తను కూడా ఇందులో ఉంటుందా?" అని అడిగింది. ఉంటుందన్నాను. ఆ రాత్రి చాలా కాలానికి పైకి ప్రార్థించింది.

మీ బాబుతో "నేను నమ్ముతాను, అందుకే చేస్తాను" అనండి. తెలియని దానికి తెలియదనే చెప్పండి. మీరు ఒంటరిగా మోకరించడం వాడి కంటపడనివ్వండి. కీర్తనలు తెలుగులోనే పాడండి, అమ్మమ్మతో ఫోనులో గొంతు కలపగలుగుతాడు.

వచ్చే ఏడాది మా అమ్మాయికి పద్నాలుగు నిండుతాయి. ఇక్కడ కన్ఫర్మేషన్ తరగతులకు, అంటే బాప్తిస్మపు విశ్వాసాన్ని తమంతట తాము ఒప్పుకోవడానికి సిద్ధం చేసే తరగతులకు, వెళ్లే వయసు. వెళ్తావా అంటే, "ఆలోచిస్తానమ్మా" అంది. నాకు భయంగానే ఉంది. రోజూ దాని గురించే ప్రార్థిస్తున్నాను, ఆ ఒక్క ప్రార్థన మాత్రం ఆమెకు వినపడనివ్వడం లేదు.