నొప్పి ఆగిన పన్ను

పర్లాకిమిడి,
ఆదివారం.

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరమూ క్షేమంగా ఉన్నాము.

గుమ్మ వైపు కొండల్లోని ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగానికి చేరబోతున్నావనీ, పగలు పాఠాలు చెప్పడమే కాక రాత్రిళ్లు హాస్టలు ఆడపిల్లల మంచిచెడ్డలు కూడా నువ్వే చూసుకుంటావనీ మీ నాన్న ఫోనులో చెబితే, ఆ సంగతి నలుగురికి చెప్పుకోవడానికి అప్పటికప్పుడు చెప్పులు వేసుకుని బజారుకు వెళ్లాను. తిరిగి వచ్చాక మళ్లీ ఫోను చేసి మిగతాది అడిగాను. ఆ పిల్లల్లో చాలామందికి పిప్పిపళ్లున్నాయనీ, పంటి నొప్పికి కావలసినవన్నీ ఒక డబ్బాలో సర్దుకుని వెళుతున్నావనీ, ఇక ప్రతి చిన్నదానికీ కొండ దిగనక్కర లేదని నువ్వన్నావనీ చెప్పాడు. డబ్బా సర్దుకున్నందుకు సంతోషించాను గాని, కొండ దిగనక్కర లేదన్న మాట దగ్గర నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

సులువైన సంగతులు ముందు చెప్పేస్తాను, అవి చాలావరకు నీకు తెలిసినవే. పన్ను నొప్పి అంటూ పిల్ల వచ్చినప్పుడు వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరిపించి చూడు. ఒక్కోసారి పళ్ల సందున జామగింజో మొక్కజొన్న పొట్టో ఇరుక్కుని ఉంటుంది, దాన్ని దారంతో మెల్లగా తీయాలి గాని పిన్నీసుతో పొడవకూడదు. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలింపించు. పుక్కిలించి ఉమ్మడం రాని మరీ చిన్నవాళ్లకు అది వద్దు. చల్లని నీళ్లలో తడిపి పిండిన గుడ్డను చెంప మీద, బయటి నుంచి, పావుగంట సేపు ఉంచు. రాత్రి పూట పోటు ఎక్కువైందని ఏడిస్తే పెంకితనం అనుకోకు, పడుకున్నప్పుడు తలకు రక్తం ఎక్కువగా చేరి పంటి లోపలి నరం మీద ఒత్తిడి పెరుగుతుంది కనుక, రెండు దిండ్లు వేసి తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టు.

మాత్రల్లో పారాసిటమాల్ ఒక్కటి చాలు. ఒక మోతాదుకు పిల్ల బరువులో కిలోకు 15 మిల్లీగ్రాములకు మించకూడదు. 20 కిలోల పిల్లకు 300 అవుతుంది కనుక 500 మిల్లీగ్రాముల మాత్రలో సగం ఇచ్చి, మళ్లీ ఇవ్వవలసివస్తే కనీసం ఆరు గంటలు ఆగు. ఆస్పిరిన్ నీ డబ్బాలో ఉండనే కూడదు. 16 ఏళ్ల లోపు పిల్లలకు అది మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే ఒక అరుదైన జబ్బు తెచ్చిపెట్టవచ్చు. అదీ గాక, మన వీధిలో పెద్దవాళ్లు ఆ మాత్రను మింగకుండా నొప్పి పన్ను పక్కన అదిమి పెట్టుకునేవారు; అది ఆమ్లం కనుక చిగురు తెల్లగా కాలి, పొర ఊడి, ఒక నొప్పికి రెండు నొప్పులయ్యేవి.

లవంగ నూనె మీద నీకు మీ నానమ్మ నుంచి వచ్చిన నమ్మకం ఉంది, దాన్ని నేను కాదనను. అందులోని యూజినాల్ నరాన్ని నిజంగానే మొద్దుబారుస్తుంది, దంతవైద్యులు జింక్ ఆక్సైడుతో కలిపి పంటి గుంటను తాత్కాలికంగా పూడ్చేదీ దానితోనే. అయితే పెద్దవాళ్ల పంటి గుంటలో దూదితో ఒక చుక్క అద్దడం వేరు, పసిపిల్లలు తిరిగే గదిలో సీసాను కిటికీలో పెట్టడం వేరు. ఒకటి రెండు చెంచాలు మింగిన చిన్నపిల్లలకు మూర్ఛలు వచ్చి కాలేయం పాడైన సందర్భాలున్నాయి. ఆ సీసా నీ పెట్టెలో, తాళం కింద ఉండాలి. గుడాఖు రుద్దుకుంటే నొప్పి పోతుందని ఎవరైనా చెబితే పొగాకు ముద్దను పళ్లకు రాయడం వైద్యం కాదని అక్కడే చెప్పు, చెప్పడానికి మొహమాటపడకు. మా అమ్మమ్మ చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది, అందువల్లే తనకు పన్ను పోటు రాలేదనేది. ఆవిడ అంగిలి ఎలా తెల్లబారి పగుళ్లు వేసిందో మేము చూశాము.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతి. మీ నాన్న గడ్డం కింద, కుడివైపున, అంగుళం మేర వెంట్రుక మొలవని మచ్చ ఉంది. చిన్నప్పుడు మామిడి చెట్టు మీద నుంచి పడ్డానని నీకు చెప్పి ఉంటాడు, మీ అమ్మకూ అదే చెప్పాడు. ఆ అబద్ధం వాడికి నేర్పినవాణ్ణి నేను.

అది 1977 మే నెల. మీ నానమ్మ తన చెల్లెలి పురిటికి చిన్న రైలెక్కి టెక్కలి వెళుతూ, పదేళ్ల వాణ్ణి నాకు అప్పగించింది. నాకు 22 ఏళ్లు, డిగ్రీ చేతికి వచ్చిన కొత్త, తెలియనిదంటూ లేదనుకునే రోజులు. ఆవిడ వెళ్లిన మర్నాడే వాడికి కింది దవడలో చివరి పన్ను పోటు మొదలైంది. చూస్తే మధ్యలో మిరియపు గింజంత నల్ల గుంట. పాలపన్నే కదా, ఎలాగూ ఊడిపోయేదే అనుకున్నాను. ఆరేళ్ల వయసులో ఏ పన్నూ ఊడకుండానే పాలపళ్ల వెనకాల చడీచప్పుడు లేకుండా మొలిచే శాశ్వతపు దవడ పన్ను అదేననీ, అది పోతే దాని చోట ఇంకొకటి రాదనీ నాకు తెలియదు. ఈ ఒక్క ముక్క నీ పిల్లల తల్లిదండ్రులందరికీ చెప్పు, ఎందుకంటే ఇప్పటికీ చాలామందికి తెలియదు.

రెండు రాత్రులు వాడు నిద్రపోలేదు, నన్ను పోనివ్వలేదు. మూకుడులో కళ్లుప్పు చిటపటలాడే దాకా వేయించి, పాత పంచె ముక్కలో మూట కట్టి, వేడి ఎంతుందో నా ముంజేతి మీద చూసుకుని వాడి చెంపకు కాపడం పెట్టాను. మూడో రోజు పొద్దున్నకల్లా నొప్పి మాయమైంది. కుండలోని చల్లని నీళ్లు పోసినా జివ్వుమనలేదు. గడ్డపెరుగు వేసుకుని రెండు పూటలా కడుపునిండా తిన్నాడు. నేను అంగడికి పోయి పోస్టుకార్డు కొని, "పన్ను నొప్పి పూర్తిగా తగ్గింది, నువ్వు కంగారుపడి రానక్కర లేదు" అని మీ నానమ్మకు వ్రాసి డబ్బాలో వేసి వచ్చాను.

నొప్పి ఎందుకు ఆగిందో నాకు తర్వాత తెలిసింది. నోట్లోని సూక్ష్మజీవులు తీపిని పులియబెట్టి పుట్టించే ఆమ్లం పంటి పైపొరను తినుకుంటూ లోపలి నరాన్ని చేరితే సలుపు పుడుతుంది. ఆ నరం చచ్చిపోయిన రోజున సలుపు ఆగుతుంది. నరం చచ్చిందే గాని సూక్ష్మజీవులు చావవు, అవి వేరు కొసలోంచి దిగి ఎముకలోకి నడుస్తాయి. ఈ మధ్యలో కొన్నాళ్లు పిల్లవాడు నవ్వుతూ తిరుగుతాడు. నేను పోస్టుకార్డు వ్రాసింది ఆ రోజునే.

అయిదో రోజుకు దవడ వాచింది. వాపుకు మళ్లీ అదే ఉప్పు మూట, ఈసారి ఇంకొంచెం వేడిగా పెట్టాను. ఆరో రోజు సాయంత్రానికి వాడి నోరు ఒక వేలు దూరేంత మాత్రమే తెరుచుకునేది. మాట నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నవాడిలా వచ్చేది. ఉమ్మి మింగలేక అది చొంగలా కారి తలగడ తడిసిపోయింది. పక్కింటి మామ్మగారు పప్పు గిన్నె ఇవ్వడానికి వచ్చి, వాడి ముఖం చూసి, గిన్నె కింద పెట్టి, గడ్డం కింద రెండు వేళ్లతో నొక్కి చూసింది. మెత్తగా ఉండవలసిన ఆ చోటు పీటచెక్కలా బిగిసి ఉంది. "బండి చూడరా ముందు, తర్వాత ఏడుద్దువు గాని" అంది.

మన ఊరి ఆసుపత్రిలో చూసి, ఆ రాత్రే బరంపురం తీసుకుపొమ్మన్నారు. జీపులో పడుకోబెడితే ఊపిరాడక లేచిపోయేవాడు, అందుకని దారి పొడవునా నా ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకున్నాను. నా చొక్కా భుజం వాడి ఉమ్మితో తడిసి, దుర్వాసన వేసి, ఆరి, మళ్లీ తడిసింది. తెల్లవారుతుండగా గడ్డం కింద కోసి చీము తీశారు, తర్వాత ఆ పన్ను పీకేశారు. తొమ్మిది రోజుల పాటు సూదులు పొడిచారు. నాలుక కింది భాగమంతా వాచి నాలుకను పైకెత్తి గాలి దారి మూసేసే ఈ జబ్బును 1836లోనే లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడని నేను ఎన్నో ఏళ్లకు చదివాను. ఆ రోజు మాత్రం అక్కడి డాక్టరు నన్ను వరండాలో నిలబెట్టి, వాపు మీద వేడి పెట్టడం తప్పేననీ, నొప్పి ఆగిందని ఊరుకోవడం దానికన్నా పదింతల తప్పనీ చెప్పాడు. మామిడి చెట్టు కథ నేను అల్లింది ఆ వరండాలోనే. టెక్కలి నుంచి వచ్చిన మీ నానమ్మ ఆ కథ నమ్మలేదు, అయినా నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పోస్టుకార్డు మాత్రం ఆవిడ పోయాక ఆవిడ పెట్టెలో నాకు దొరికింది.

అందుచేత నీ డబ్బాలో ఒక నోటుపుస్తకం కూడా పెట్టుకో. ఏ పిల్లకు ఏ వైపు, ఏ రోజు నొప్పి మొదలైందో వ్రాయి. మందు లేకుండా నొప్పి దానంతటదే ఆగిందని చెప్పిన పిల్ల పేరు కింద గీత గీయి. నొప్పి ఉన్న పిల్ల తనే వచ్చి చెబుతుంది. గీత గీసిన పిల్ల చెప్పదు, ఆడుకుంటూ ఉంటుంది. పళ్ల డాక్టరు దగ్గరకు పిల్లలను దింపే రోజున ముందు ఆ పిల్లలనే దింపు. పట్టకారు భయంతో నొప్పి లేదని అబద్ధమాడేవాళ్లుంటారు, నేను నేర్పకుండానే ఆడతారు. అందుకని పడుకునే ముందు అనుమానం ఉన్న పిల్ల గడ్డం కింద మామ్మగారిలా రెండు వేళ్లతో తడిమి చూడు. ముఖం వాచినా, జ్వరం వచ్చినా ఆ రోజే దింపాలి. నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా, నాలుక కింద బిగిసినా, ఊపిరి బరువైనా తెల్లవారనివ్వకు, అప్పుడే 108కు ఫోను చెయ్యి. మందుల కొట్లో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్ గొట్టం మాత్రలు రెండు మింగించి చూద్దాం అనే ఆలోచన పెట్టుకోకు. అవి వాపును కొన్నాళ్లు అణచిపెడతాయే గాని పంటిలో కుళ్లును తీయలేవు, నీకు మళ్లీ ఆ మోసపు మౌనమే మిగులుతుంది. వానలు పట్టి ఘాటు దారిలో చరియలు జారక ముందే పిప్పిపళ్ల వాళ్లందరినీ ఒక విడతగా చూపించెయ్యి.

ఇంకొక మాట. నీ పిల్లల్లో ఎక్కువమంది సవరలు, ఒడియా కూడా వాళ్లకు బడి భాషే. గిడుగు వెంకట రామమూర్తి గారు మన పర్లాకిమిడిలోనే కాపురముండి, సవర మాట్లాడేవాళ్లను ఇంట్లో పెట్టుకుని మరీ ఆ భాష నేర్చుకున్నారు. నిన్ను నిఘంటువు వ్రాయమనడం లేదు. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, మింగగలుగుతున్నావా, ఈ మూడు ప్రశ్నలు మాత్రం వెళ్లిన మొదటి వారంలోనే వాళ్ల మాటలో నేర్చుకో.

పిల్లల పళ్ల గురించి ఇంత వ్రాయించుకున్నదానివి, పోయిన దీపావళికి మా ఇంట్లో జంతికలన్నీ కుడి వైపునే ఎందుకు నమిలావు? చూడలేదనుకున్నావా? మీ పెద్దమ్మ అడిగితే "ఇప్పుడేమీ లేదు, తగ్గిపోయింది" అన్నావు. ఆ మాట నేను పక్క గదిలోంచి విన్నాను. ఉద్యోగంలో చేరడానికి ఇంకా పన్నెండు రోజులుంది, బుధవారం రా, నేనే వెంటపెట్టుకుని తీసుకువెళతాను. డబ్బుల సంగతి నీకెందుకు.

మీ నాన్న నిన్ను దిగబెట్టడానికి వస్తాడు కదా, దారిలో ఆ మచ్చ గురించి అడుగు. మళ్లీ మామిడి చెట్టే ఎక్కితే, పెదనాన్న అంతా వ్రాశాడని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న