హాల్లో పెట్టే మీడియా సర్వర్ చప్పుడు చేయకుండా ఉండాలంటే

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

పెళ్ళి క్యాసెట్లు, తాతయ్యగారి పాటల సీడీలు, అందరి ఫోన్లలో పేరుకుపోయిన ఫోటోలు ఒకచోట చేర్చి, ఇంట్లో ఏ టీవీలోనైనా చూసుకొనేలా ఒక సర్వర్ పెట్టాలనుకుంటున్నట్టు రాశావు. అది హాల్లోనే ఉండవలసి వస్తుందని, అక్కడే అమ్మమ్మ పడుకుంటుందని, ఆమె నిద్ర చెడకూడదని కూడా రాశావు. ఇలాంటి యంత్రం కొనేవాళ్ళలో చాలామంది ముందు దాని సామర్థ్యం గురించి అడుగుతారు, చప్పుడు సంగతి బిగించిన తరువాత ఆలోచిస్తారు. నువ్వు ముందే ఆలోచించావు కనుక నాకు తెలిసినదంతా వివరంగా రాస్తున్నాను.

ఇటువంటి యంత్రాల్లో చప్పుడుకు మూలం వేడి. వేడి పుడితే ఫ్యాను తిరగాలి, వేడి పెరిగితే ఫ్యాను వేగం పెరగాలి. అందువల్ల చప్పుడు చేయని ఫ్యాను కోసం వెతకడానికి ముందు, అసలు వేడెక్కే పని ఎక్కడ పుడుతుందో చూసి దానిని తప్పించాలి. మీడియా సర్వర్‌లో అంతగా వేడెక్కించే పని ముఖ్యంగా ట్రాన్స్‌కోడింగే. టీవీకి అర్థం కాని రూపంలో వీడియో ఉంటే, సర్వర్ దానిని అప్పటికప్పుడు వేరే రూపంలోకి మార్చి పంపుతుంది. టీవీకి అర్థమయ్యే రూపంలోనే ఉంటే ఫైలును ఉన్నదున్నట్టు అందిస్తుంది, అందులో ప్రాసెసర్‌కు శ్రమ దాదాపు ఉండదు. హెచ్264 అనే రూపంలో ఉన్న వీడియోను ఇప్పుడు వాడుకలో ఉన్న టీవీలన్నీ దాదాపుగా ఆడిస్తాయి. 4కే టీవీలు ఎక్కువభాగం దాని తరువాతి రూపమైన హెచ్‌ఈవీసీని కూడా ఆడిస్తాయి. ఇంకా కొత్తదైన ఏవీ1 మాత్రం కొత్త టీవీలకే తెలుసు.

మీ క్యాసెట్ల విషయంలో ఇది చాలా ముఖ్యం. మినీడీవీ అనే చిన్న డిజిటల్ కెమెరా టేపు నుంచి నేరుగా తీసిన ఫైలు గంటకు సుమారు 13 జీబీ ఉంటుంది, దానిని టీవీలు నేరుగా ఆడించలేవు. కాబట్టి ప్రతి టేపుకూ రెండు ప్రతులు చేయించు. మొదటిది టేపులో ఉన్నదంతా ఏమీ తగ్గించకుండా భద్రపరచుకొనే ప్రతి, రెండవది హెచ్264లోకి మార్చిన, చూసుకొనే ప్రతి. పాత వీడియోల్లో ఒక్కో ఫ్రేము రెండు అల్లుకున్న సగాలుగా ఉంటుంది, అందువల్లనే కదిలే మనుషుల అంచుల్లో గీతలు కనిపిస్తాయి. ఆ గీతలను తొలగించే పని కూడా రెండవ ప్రతి తయారుచేసేటప్పుడే ఒకసారి పూర్తి చేయి, లేకపోతే పెళ్ళి వీడియో పెట్టిన ప్రతిసారీ సర్వర్ ఆ పని చేయవలసి వస్తుంది. సబ్‌టైటిళ్ళ వల్ల కూడా ఇదే ఇబ్బంది వస్తుందని చాలామందికి తెలియదు. డీవీడీ, బ్లూరే డిస్కుల నుంచి వచ్చే సబ్‌టైటిళ్ళు అక్షరాలు కావు, బొమ్మలు. వాటిని టీవీ చూపలేకపోతే సర్వర్ వాటిని వీడియో మీద అద్ది, మొత్తం వీడియోను కొత్తగా తయారుచేసి పంపుతుంది. అందుచేత అక్షరాలుగానే ఉండే ఎస్ఆర్‌టీ రూపంలోని సబ్‌టైటిళ్ళనే పెట్టుకో, తెలుగు అక్షరాలు చెదరకుండా ఉండేందుకు ఆ ఫైలును యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో భద్రపరచు.

ఇక యంత్రం. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న చిన్న పెట్టె మీ అవసరానికి సరిపోతుంది. 2023 మొదట్లో వచ్చిన ఈ ప్రాసెసర్‌కు నాలుగు కోర్లు, 6 వాట్ల పరిమితి ఉన్నాయి. అంతకన్నా ముఖ్యంగా, వీడియో మార్చడానికి క్విక్ సింక్ అనే ప్రత్యేక భాగం లోపలే ఉంది కనుక, ఎప్పుడైనా ట్రాన్స్‌కోడింగ్ తప్పకపోయినా అది వేడెక్కకుండా చేయగలదు. రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న కంప్యూటర్ బోర్డు గురించి కూడా అడిగావు. అది మంచి బోర్డే, కానీ అందులో వీడియోను కొత్త రూపంలోకి మార్చే (ఎన్‌కోడ్ చేసే) ప్రత్యేక భాగం లేదు కాబట్టి ఈ పనికి నేను దానిని సూచించను. మూలనున్న పాత డెస్క్‌టాప్‌ను వాడదామన్న ఆలోచన కూడా మానుకో. ఊరికే ఉన్నప్పుడు 60 వాట్లు లాగే యంత్రం ఏడాదంతా నడిస్తే 525 యూనిట్లు దాటుతుంది, 10 వాట్ల పెట్టెకు 88 యూనిట్లు చాలు. పైగా ఆ తేడా అంతా వేడిగా మారి మీ హాల్లోకే వస్తుంది.

ఎన్100 పెట్టెల్లో ఫ్యాను ఉన్నవీ ఉన్నాయి, పైకప్పే వేడిని వదిలే రెక్కలుగా ఉండి ఫ్యాను లేనివీ ఉన్నాయి. ఫ్యాను లేనిదే తీసుకో. చిన్న పెట్టెల్లో ఉండే చిన్న ఫ్యానులు చాలినంత గాలి నెట్టడానికి చాలా వేగంగా తిరగాలి, వాటి శబ్దం సన్నగా, కీచుగా ఉండి చెవికి గుచ్చుకుంటుంది. ఏ కారణం చేతనైనా ఫ్యాను తప్పకపోతే, 120 లేదా 140 మిల్లీమీటర్ల ఫ్యాను పట్టే పెట్టెను ఎంచుకొని దానిని నెమ్మదిగా తిప్పు. ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గిస్తే శబ్దం సుమారు 15 డెసిబెళ్ళు తగ్గుతుంది, ఇది చాలా పెద్ద తేడా. ఇంకొక మాట. ఒకే స్థాయిలో ఉండే సన్నని శబ్దానికి చెవి అలవాటుపడుతుంది, ఉన్నట్టుండి పెరిగి తగ్గే శబ్దమే నిద్ర లేపుతుంది. అందుకని ఫ్యాను వేగం ఉష్ణోగ్రతతో పాటు ప్రతి నిమిషం మారకుండా బయాస్‌లో, అంటే యంత్రం ఆన్ కాగానే తెరవగల మూల సెట్టింగుల్లో, ఒకే నెమ్మది వేగానికి స్థిరపరచు.

హార్డ్ డిస్కుల దగ్గర నా అభిప్రాయం నీకు కొత్తగా అనిపించవచ్చు. మీ ఇంట్లో రాత్రింబవళ్ళు తిరిగే హార్డ్ డిస్కు అవసరం లేదు. లెక్క వేసి చూడు. నలభై క్యాసెట్లు, ఒక్కోటి రెండు గంటలు అనుకుంటే, చూసుకొనే ప్రతులు గంటకు 2.5 జీబీ చొప్పున 200 జీబీ అవుతాయి. సీడీలను ఏమీ నష్టపోకుండా ఫ్లాక్ రూపంలోకి తీస్తే ఒక్కోటి 350 ఎంబీ దగ్గర ఉంటుంది కనుక రెండు వందల సీడీలకు 70 జీబీ చాలు. ఒక్కోటి 4 ఎంబీ అనుకుంటే యాభై వేల ఫోటోలు 200 జీబీ. వీటికి తోడు 9 జీబీల సినిమాలు వంద పెట్టుకున్నా అంతా కలిసి 1.4 టీబీకి మించదు. 2 టీబీ ఎస్ఎస్‌డీ ఒక్కటి దీనికి సరిపోతుంది, అందులో తిరిగే భాగం ఏదీ లేదు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు సెకనుకు 120 సార్లు తిరుగుతుంది, దాని కంపనం కింద ఉన్న చెక్కకు పాకి మొత్తం టీవీ యూనిట్‌ను హుమ్మనిపిస్తుంది. వయసు మీదపడినవారికి మొదట తగ్గేది కీచు శబ్దాల వినికిడి, ఇలాంటి మంద్రమైన హోరు మాత్రం వాళ్ళకు బాగానే వినిపిస్తుంది. కాబట్టి అమ్మమ్మను ఇబ్బంది పెట్టేది ముందుగా డిస్కే. నాసిరకం అడాప్టర్ల నుంచి వచ్చే సన్నని ఈల పిల్లలకు వినిపిస్తుంది, మీకు వినిపించకపోవచ్చు, అందుకని పెట్టె ఆన్ చేసిన మొదటి రోజే పిల్లలను దగ్గరికి పిలిచి అడుగు.

హార్డ్ డిస్కులు మానేయమని కాదు, వాటిని భద్రపరచే పనికి వాడమంటున్నాను. తగ్గించకుండా తీసిన ప్రతులన్నీ రెండు బయటి హార్డ్ డిస్కుల్లో ఉంచు. నెలకొకసారి పగటిపూట కలిపి, కొత్తవి నకలు చేసి, తీసి బీరువాలో పెట్టు. ఎస్ఎస్‌డీని కరెంటు లేకుండా ఏళ్ళ తరబడి పక్కన పెడితే అందులో నిలిచిన ఛార్జి తగ్గి సమాచారం చెడిపోయే అవకాశం ఉంది కనుక బీరువాలో పెట్టడానికి హార్డ్ డిస్కే మేలు. రెండవ డిస్కును మా ఇంట్లో ఉంచు, నేను జాగ్రత్తగా చూసుకుంటాను. ఆ క్యాసెట్లలో ఇప్పుడు మన మధ్య లేనివాళ్ళ గొంతులున్నాయి, టేపు మీది అయస్కాంతపు పూత రోజురోజుకీ బలహీనపడుతుంది, మళ్ళీ తీయడం అన్నది ఎల్లప్పుడూ సాధ్యం కాదు. సర్వర్ విషయంలో ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు, టేపులను మాత్రం ఈ నెలలోనే మొదలుపెట్టు.

పెట్టె ఎక్కడ ఉండాలన్నది తరువాతి ప్రశ్న. రౌటరు హాల్లో ఉంది కాబట్టి సర్వర్ కూడా హాల్లోనే ఉండాలని అనుకున్నావు, కానీ ఈథర్‌నెట్ తీగ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. కేబుల్ టీవీ కోసం గోడలో వేసిన పైపు ఇప్పుడు ఖాళీగా ఉంటే అందులోంచి క్యాట్6 తీగను లోపలి గదికి లాగించు, ఎలక్ట్రీషియన్‌కు అది పెద్ద పని కాదు. అలా కుదిరితే హాల్లో ఉండవలసింది రౌటరు మాత్రమే. సజ్జ మీద పెట్టాలని మాత్రం అనుకోకు. మీది పై అంతస్తు, విజయవాడ వేసవిలో స్లాబు కింద ఉన్న సజ్జ రాత్రి దాకా చల్లబడదు. ఫ్యాను లేని పెట్టెకు చుట్టూ కదిలే గాలే ఆధారం కనుక తలుపులు మూసే షోకేసులో కూడా పెట్టకూడదు. గోడకు నడుము ఎత్తులో చిన్న స్టీలు బ్రాకెట్ బిగించి, పెట్టె కింద రబ్బరు ముక్కలు వేసి, నాలుగు వైపులా జానెడు ఖాళీ వదులు. బల్లులు, చీమలు వెచ్చదనానికి చేరి సర్క్యూట్ల మీద చచ్చిపోవడం మన ఇళ్ళలో తరచూ జరిగేదే, కాబట్టి గాలి రంధ్రాలు పెద్దవిగా ఉంటే సన్నని జాలీ అంటించు. దసరాకు ముందు ఒకసారి, ఎండలు ముదరకముందు ఉగాదికి ఒకసారి దుమ్ము దులిపితే చాలు.

టీవీకి తీగ కలిపేటప్పుడు ఒక విషయం గమనించు. చాలా టీవీల ఈథర్‌నెట్ పోర్టు 100 ఎంబీపీఎస్‌కే పరిమితం. మీ వీడియోలకు 10 ఎంబీపీఎస్ దాటదు కనుక ఇబ్బంది రాదు, 4కే బ్లూరే డిస్కు నుంచి నేరుగా తీసిన ఫైళ్ళు మాత్రం 100 ఎంబీపీఎస్‌ను దాటగలవు, వాటికి ఆ టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చవలసి ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌కు డెబియన్ అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ ప్రోగ్రాం పెట్టుకో. ఎంబీ (Emby) అనే సర్వర్ ప్రోగ్రాం తన మూల సంకేతాన్ని (సోర్స్ కోడ్) మూసివేసినప్పుడు, 2018 డిసెంబరులో, దాని నుంచి విడివడి వచ్చినదే జెల్లీఫిన్. క్విక్ సింక్ వాడుకోవడానికి ఇందులో రుసుము లేదు, ప్లెక్స్ అనే మరో సర్వర్ ప్రోగ్రాంలో ఆ సదుపాయానికి చెల్లించాలి. జెల్లీఫిన్ ఖాతాను డెబియన్‌లో వీడియో భాగాన్ని వాడుకొనే అనుమతి ఉన్న రెండర్ (render) బృందంలో చేర్చడం మరచిపోకు, చేర్చకపోతే క్విక్ సింక్ పనిచేయదు. సినిమాల ఫోల్డర్ పేరులో సంవత్సరం తప్పక రాయి, ఎందుకంటే దేవదాసు పేరుతో 1953లో ఒక చిత్రం, 2006లో మరొకటి వచ్చాయి, సంవత్సరం లేకపోతే ఒకదాని పోస్టరు మరొకదానికి అంటుకుంటుంది. కుటుంబ వీడియోలకు వేరే లైబ్రరీ పెట్టు. షెడ్యూల్డ్ టాస్కుల పేజీ తెరిచి, లైబ్రరీ వెతకడం, వీడియోల నుంచి చిన్న బొమ్మలు తీయడం వంటి బరువైన పనులన్నింటినీ మధ్యాహ్నానికి మార్చు. మొదటి వారం ఈ పనులు విపరీతంగా నడుస్తాయి, ఆ వారంలోని వేడిని చూసి యంత్రం మంచిది కాదని తీర్మానించకు.

డాలస్‌లో ఉన్న మీ అక్క కూడా చూడాలని కోరిందన్నావు. ఆమెకు పగలైతే మనకు రాత్రి, ఆమె చూసేది సరిగ్గా అమ్మమ్మ నిద్రపోయే వేళకే. మీ అప్‌లోడ్ వేగాన్ని బట్టి సర్వర్ వీడియోను తగ్గించి పంపవలసి వచ్చినా ఎన్100కు అది భారం కాదు, ఫ్యాను లేని పెట్టె తీసుకోమనడానికి ఇది ఇంకొక కారణం. బయటివాళ్ళు నేరుగా సర్వర్‌ను చేరేలా ఇంటి రౌటరులో పోర్టు తెరవకు. ఒకే ఐపీ చిరునామాను చాలా ఇళ్ళకు పంచే కనెక్షన్లలో అది పనిచేయదు, పనిచేసినా సర్వర్ లోకమంతటికీ కనబడుతుంది. మీ పరికరాలను మాత్రమే ఒక ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే టెయిల్‌స్కేల్ పెట్టి, ఆమె ఫోనుకు, టీవీ పెట్టెకు మాత్రమే దారి ఇవ్వు.

కరెంటు సంగతి చివరకు మిగిలింది. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కనుక వెనుక ఉన్న స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టు, అప్పుడు కరెంటు పోయినా సర్వర్ ఆగిపోకుండా అది త్వరగా మారుతుంది. విడిగా చిన్న యూపీఎస్ కొంటే కరెంటు పోయిన ప్రతిసారీ అది బీప్‌మంటూ మోగుతుంది. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న ఇంట్లో అర్ధరాత్రి అందరినీ లేపేది ఆ మోతే అవుతుంది. యూఎస్‌బీ తీగతో సర్వర్‌కు కలిపి నట్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా ఆ బీపర్‌ను ఆపివేయవచ్చు, అలా ఆపడానికి వీలున్న మోడల్ అవునో కాదో కొనే ముందే అడిగి తెలుసుకో.

అంతా అమరిన తరువాత పరీక్షించే వేళ కూడా సరైనది కావాలి. వేసవి రాత్రి సీలింగ్ ఫ్యాను, కూలరు నడుస్తుంటే ఏ సర్వరూ వినబడదు. ధనుర్మాసంలో ఫ్యాన్లు ఆపి పడుకున్నప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. అందాకా ఆగలేవు కనుక, రాత్రి పదకొండు దాటాక హాల్లో ఫ్యాను, ఫ్రిజ్ కాసేపు ఆపి, అమ్మమ్మ మంచం మీద తలగడ దగ్గర నువ్వే పది నిమిషాలు పడుకొని విను. ఫోను ఆప్‌లు చూపే డెసిబెల్ లెక్కలు ఇంత తక్కువ శబ్దాల దగ్గర నమ్మదగినవి కావు.

ఏదీ కొనకముందు మీ రెండు టీవీల వెనుక ఉన్న మోడల్ నంబర్లు, కేబుల్ పైపు ఖాళీగా ఉందో లేదో రాసి పంపు. ఆ టీవీలు ఏ రూపాలను నేరుగా ఆడిస్తాయో చూసి, క్యాసెట్లు మార్చేవారికి ఇవ్వవలసిన వివరాలు నేను రాసిస్తాను.

శుభాశీస్సులతో,
నీ మేనమామ