హెచ్‌ఐవీ నివారణకు వచ్చిన విదేశీ డబ్బు మన దగ్గర దేనికి ఖర్చయింది?

మందులకేనని చాలామంది అనుకుంటారు. ఒక్క మందులకే కాదు. ఉచిత ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, 2004 నుంచి ప్రభుత్వమే ఇస్తోంది; వాటికీ కొంత విదేశీ సాయం అందింది. గేట్స్ ఫౌండేషన్ 2003లో మొదలుపెట్టిన 'ఆవాహన్' అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమాన్నే చూడండి. ఆరు రాష్ట్రాల్లో నడిచింది, అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. డబ్బును మనుషుల మీద కూడా పెట్టారు. సెక్స్ వర్కర్లలోంచే కొందరిని ఎంచి, శిక్షణ ఇచ్చి, తోటివాళ్ల దగ్గరికి పంపేవారు. బయటి నుంచి వచ్చిన డాక్టరు చెప్తే తలూపి ఊరుకునే మనిషి, తనలాంటి మనిషి చెప్తే వింటుంది కదా! కండోమ్‌లు, సుఖవ్యాధులకు చికిత్స సరేసరి. పోలీసులు కొట్టినా, పట్టుకెళ్లినా వెంటనే వెళ్లి నిలబడే బృందాలు కూడా ఉండేవి. నా దృష్టిలో అసలు పని అదే. సంచిలో కండోమ్ కనబడితే పోలీసులు పట్టుకుంటారన్న భయం ఉన్నంతకాలం, ఎన్ని పంచితే మాత్రం ఏం లాభం? హైవేల మీద లారీ డ్రైవర్లకు విడిగా క్లినిక్‌లు పెట్టారు.

ఇక సాయం ఆగితే సంగతేంటి అంటారా? ఆవాహన్‌లో పనిని ప్రభుత్వానికి అప్పగించడానికి ముందే ఏర్పాటు చేసుకున్నారు. 2009 నుంచి విడతలవారీగా న్యాకోకు, అంటే కేంద్రప్రభుత్వ ఎయిడ్స్ నియంత్రణ సంస్థకు, ఇచ్చేశారు. అలాంటి ఏర్పాటు లేని చోట డబ్బు ఆగిన రోజే క్షేత్రస్థాయి సిబ్బంది ఇంటిదారి పట్టాలి.